ముందు స్తంభం, తర్వాతే తీగ

రైలు మార్గానికి కరెంటు పెట్టే పనిలో తీగ అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. ముందు సర్వే, తర్వాత గోతులు, కాంక్రీటు పునాదులు, వాటిలో మాస్టులనే స్తంభాలు, మాస్టులకి బ్రాకెట్లు, పింగాణీ ఇన్సులేటర్లు. ఆ తర్వాత పైన కేటనరీ తీగ, చిట్టచివర కింద కాంటాక్ట్ తీగ. తీగ లాగిన రోజున ఊళ్లోవాళ్లు కరెంటు వచ్చేసిందని సంబరపడతారు గానీ, ఆ రోజుకి మా పనిలో పెద్ద భాగం అయిపోయే ఉంటుంది. కంప్యూటర్లో రైలు నడిపే సిమ్యులేటర్ ఆటలో ఈ వరస తలకిందులు. అక్కడ ఒక ఫైలు తెరిచి ‘ఎలక్ట్రిఫైడ్’ అన్న మాట పక్కన సున్నా తీసేసి ఒకటి పెడితే చాలు, మార్గం పొడవునా తీగ ప్రత్యక్షమవుతుంది. స్తంభం ఒక్కటీ ఉండదు. ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడ్డ తీగ కింద బండి హాయిగా పరిగెడుతుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి అక్కడ పని మొదలుపెట్టింది. తీగ సరే, దీన్ని మోసేవి ఏవి, అవి ఎక్కడ నిలబడాలి, అక్కడే ఎందుకు నిలబడాలి అని అడిగింది. పుస్తకమంతా ఆ మూడు ప్రశ్నల వెంట నడిచింది.

ఈ అమ్మాయి తండ్రి రైల్వేలో పైతీగల పని చూసే మా ఓహెచ్‌ఈ విభాగంలో లైన్‌మన్‌గా చేశాడు. టవర్ వ్యాగన్ మీద నిలబడి కుదిరిన స్నేహం మాది. అందుకని నన్ను పెదనాన్నగారూ అని పిలుస్తుంది. రాతప్రతి పట్టుకొచ్చి ముందుమాట రాయమన్నప్పుడు, “నాకు ఈ ఆటల సంగతి ఏం తెలుసమ్మా?” అన్నాను. “ఆట సంగతి నేను చూసుకున్నాను పెదనాన్నగారూ. స్తంభాలు సరిగ్గా నిలబెట్టానో లేదో మీరు చూడండి” అంది. చూశాను. సరిగ్గానే నిలబెట్టింది. ఒకటి రెండు చోట్ల నాకు పేచీ ఉంది. అది చివర్లో చెబుతాను.

నాలాంటి పాతకాలపువాళ్ల కోసం ఈ ఆటల పుట్టుక కొంచెం చెప్పాలి. 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ట్రైన్ సిమ్యులేటర్ అనే ఆటను అమ్మకానికి పెట్టింది. దాన్ని తయారుచేసింది కుజు అనే బ్రిటిష్ సంస్థ. ఆటతో పాటు ఆరు మార్గాలు ఇచ్చారు. వాటిలో మూడు కరెంటు దారులే: అమెరికాలో ఫిలడెల్ఫియా, వాషింగ్టన్‌ల మధ్య దారి, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ నుంచి సాంక్ట్ ఆంటన్‌కి ఎక్కే కొండదారి, జపాన్‌లో టోక్యో నుంచి హకోనె వైపు వెళ్లే ఒడాక్యూ దారి. అయితే ఆట కన్నా దానితో ఇచ్చిన ఎడిటర్ ఎక్కువకాలం బతికింది. దానితో ఎవరి ఊరి దారిని వాళ్లు కట్టుకోవచ్చు. కంపెనీ ఆ ఆటను పక్కన పెట్టేశాక కూడా అభిమానులు ఊరుకోలేదు. పాత మార్గాలన్నీ నడిచేలా ఓపెన్ రైల్స్ అనే ఉచిత ప్రోగ్రాం రాసుకున్నారు. తర్వాత దాని 1.0 వెర్షన్ కూడా వచ్చింది. మన దేశంలోనూ డబ్ల్యూఏపీ-4, డబ్ల్యూఏజీ-5 ఇంజన్లను కంప్యూటర్లో మలిచి నడుపుకునే కుర్రకారు బాగానే ఉన్నారు. వాళ్ల పనితనానికి వంక పెట్టలేం. ఇంజన్ రంగు, హారన్ మోత, పెట్టెల మీద రాతలు అన్నీ అచ్చం మనవే. తల పైకెత్తి చూస్తే మాత్రం స్తంభాలు పరాయి దేశానివి, వాటి మధ్య దూరం ఏ దేశానిదీ కాదు.

మొదటి అధ్యాయం ఫైలు పని. మార్గం వివరాలు ఉండే ఫైలులో మూడు వరసలు మారిస్తే తీగ వస్తుంది: కరెంటు ఉందా లేదా, తీగ ఎంత ఎత్తున ఉండాలి, ఎన్ని వోల్టులు. మన దేశానికైతే వోల్టేజి దగ్గర 25000 అని రాయాలి. ఆ ఫైలును యూనికోడ్‌లోనే భద్రపరచాలనీ, మామూలుగా సేవ్ చేస్తే పాత ఆట దాన్ని చదవలేక మొరాయిస్తుందనీ హెచ్చరించింది. అవసరమైన హెచ్చరికే. నాకు ఆసక్తి కలిగించింది ఎత్తు దగ్గర ఆమె చేసిన చర్చ. చాలామంది 6 మీటర్లని వేసి ఊరుకుంటారట. మన దగ్గర మాస్టు వద్ద కాంటాక్ట్ తీగ ఎత్తు మామూలుగా పట్టాల పైనుంచి 5.60 మీటర్లు. ఆటలో ఇంజన్ మీద తీగను తాకే పాంటోగ్రాఫ్ ఎంతవరకు లేవాలో బొమ్మ గీసినవాడు ముందే నిర్ణయించి పెడతాడు. నిజం పాంటోకి స్ప్రింగ్ ఉంటుంది, తీగ ఎక్కడుంటే అక్కడిదాకా లేచి తగిలి ఉంటుంది. బొమ్మ పాంటోకి ఆ తెలివి లేదు. తీగ 6 మీటర్ల ఎత్తున పెడితే 5.60 కోసం గీసిన పాంటో తీగను అందుకోకుండా 40 సెంటీమీటర్ల కింద ఆగిపోతుంది. కీబోర్డు మీద ‘పీ’ నొక్కగానే పాంటో లేస్తుంది, మధ్యలో ఖాళీ ఉన్నా ఇంజన్ కదులుతుంది. కరెంటు అందిందో లేదో ఆట చూడదు, చూసేవాడికి మాత్రం కనిపిస్తుంది. ఏ ఇంజన్ బొమ్మకి ఎంత ఎత్తు నప్పుతుందో ఆమె కొలిచి పట్టిక ఇచ్చింది. ఈ ఒక్క పట్టిక కోసమైనా పుస్తకం కొనవచ్చు.

రెండో అధ్యాయం తీగ తీసేయడం గురించి. పాత ఆట లెక్కలో కరెంటు అంటే మార్గం మొత్తానికి కరెంటే. మెయిన్ లైనుకి తీగ పెడితే గోదాము సైడింగుకీ, మూలన పడి తుప్పుపట్టిన స్టబ్ లైనుకీ కూడా తీగ వచ్చేస్తుంది. సగం దారి కరెంటు, సగం దారి డీజిలు అనే ఏర్పాటుకి అందులో వీలు లేదు. అభిమానులు దానికి ‘హైడ్‌వైర్’ అనే ఉపాయం కనిపెట్టారు. ఫలానా పట్టా ముక్క మీద తీగ కనిపించకూడదని ఆ ముక్కకి ఒక గుర్తు తగిలించడమే ఆ ఉపాయం. తర్వాత వచ్చిన ఓపెన్ రైల్స్ కూడా ఆ గుర్తును మన్నిస్తుంది. ఇదేదో చిన్న కిటుకని పాఠకుడు దాటిపోవచ్చు. నాకు మాత్రం పుస్తకంలో ఎక్కువ పాఠం ఇక్కడే కనిపించింది. ఎక్కడ తీగ అక్కర్లేదో తెలిసినవాడికే ఎక్కడ కావాలో తెలుస్తుంది. క్రేన్‌తో సరుకు దించే లైను మీద, ట్యాంకర్ల పైకెక్కి పనిచేసే చోట తీగ ఉంటే మనిషి ప్రాణానికే ముప్పు. ఆ సంగతి ఈ అమ్మాయికి ఇంట్లోనే తెలిసి ఉంటుంది. అందుకే గూడ్స్ షెడ్డు బొమ్మ వేసి, తీగ ఎక్కడ ఆగిపోవాలో, ఆగిన చోట దాన్ని లాగి పట్టే స్తంభం ఎలా ఉండాలో విడిగా చూపించింది. తీగను ఆట మాయం చేస్తుంది గానీ ఆ చివరి స్తంభాన్ని ఇవ్వదు. అది మనమే పెట్టుకోవాలి.

ఇక అసలు విషయం, మలుపుల అధ్యాయం. ఆమె నమూనాగా ఎంచుకున్నది కొత్తవలస, కిరండూల్ లైను. విశాఖ రేవు నుంచి జపానుకి ఇనుప ఖనిజం పంపడానికి 1960లలో తూర్పు కనుమల గుండా వేసిన దారి ఇది. ఇంజనీర్లు దీన్ని కేకే లైను అంటారు, ఊళ్లోవాళ్లు అరకు లైను అంటారు. మొత్తం దారిలో 58 సొరంగాలు ఉన్నాయి. వేసినప్పుడు ఇది డీజిలు దారి. 1980 దశకం మొదట్లో దీనికి కరెంటు వచ్చింది. మన దేశంలో 25 కిలోవోల్టుల ఏసీ పద్ధతి మొదట అమలైన రాజ్ ఖర్సవాన్, డంగోవాపోసి లైను కూడా ఖనిజం దారే. అది 1959 డిసెంబరు నాటి మాట. అంతకు ముందు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకి నడిచిన మొదటి కరెంటు బండి 1500 వోల్టుల డీసీ మీద నడిచింది. జనం గుర్తుపెట్టుకునేది ప్రయాణికుల బండినే. బరువు లాగాల్సిన అవసరం మాత్రం ఖనిజం వైపు నుంచి ఎక్కువగా వచ్చింది. కొండ ఎక్కుతూ దిగుతూ వేల టన్నులు మోసే దారి కనుక ఏ మాస్టు ఎక్కడ నిలబడాలన్న ప్రశ్నకి ఇక్కడ దొరికినన్ని రకాల జవాబులు మైదానంలో దొరకవు. అమ్మాయి తెలిసే ఎంచుకుంది.

కొత్తవలస, లక్కవరపుకోట, శృంగవరపుకోటల దాకా దారి మైదానంలోనే ఉంటుంది. అక్కడ స్తంభాల మధ్య దూరం 72 మీటర్ల దాకా ఉండవచ్చు. అంతకు మించకూడదు. తీరానికి దగ్గరగా గాలి జోరు ఎక్కువ ఉండే చోట ఆ 72ను కూడా తగ్గించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసిన జిల్లాలవాళ్లకి దీనికి కారణం నేను చెప్పనక్కర్లేదు. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక లెక్క మారుతుంది. రెండు స్తంభాల మధ్య తీగ తిన్నగానే సాగుతుంది, వంగదు. కింద పట్టాలు వంగుతాయి. కాబట్టి మలుపులో స్తంభాల నడుమ ఎక్కడో తీగ పట్టాల మధ్య రేఖను వదిలి పక్కకు జరుగుతుంది. ఎంత జరుగుతుంది? దూరాన్ని వర్గం చేసి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. 875 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 72 మీటర్ల దూరం పెడితే తీగ 74 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పాంటో తలకట్టు మొత్తం వెడల్పే దాదాపు 1.8 మీటర్లు, అంటే నడుమ నుంచి ఒక్కో పక్కకి 90 సెంటీమీటర్లు. తీగ తగలాల్సిన కార్బన్ పట్టీ అంతకన్నా చిన్నది. తీగ ఆ పట్టీ దాటి జారితే పాంటో తీగ పైకి ఎగదన్ని, రెండూ ఒకదాన్నొకటి చింపుకుంటాయి. అలా చినిగిన తీగను అర్ధరాత్రి వానలో సరిచేసినవాడు ఈ లెక్కను జన్మలో మరచిపోడు.

కేకే లైనులో కొన్నిచోట్ల మలుపులు 8 డిగ్రీల దాకా ఉన్నాయి. అంటే వ్యాసార్ధం సుమారు 219 మీటర్లు. అక్కడ 27 మీటర్లకొక స్తంభం పెట్టినా తీగ దాదాపు 42 సెంటీమీటర్లు జరుగుతుంది. అందుకని త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు స్టేషన్ల మధ్య కొండ అంచున స్తంభాలు అంత దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. అరకు బండిలో కిటికీ పక్కన కూర్చుని లోయను ఫొటో తీసుకునేవాళ్లు ప్రతి ఫొటోలోకీ ఒక స్తంభం వచ్చి పడుతోందని విసుక్కుంటారు. ఆ స్తంభాలు దగ్గరపడిన కొద్దీ మలుపు బిగుస్తోందని అర్థం. ఈ సంగతి చూపించడానికి అమ్మాయి ఒకే మలుపును రెండుసార్లు కట్టి రెండు బొమ్మలూ పక్కపక్కన వేసింది. ఒకదానిలో ఎడిటర్ దానంతట అదే సమాన దూరాల్లో నాటిన స్తంభాలు. రెండోదానిలో లెక్క ప్రకారం ఆమె ఒక్కొక్కటిగా నాటినవి. మొదటి బొమ్మలో తప్పేమిటో నేర్పరులకే తెలుస్తుంది. రెండో బొమ్మ మాత్రం ఎవరు చూసినా ఇది అరకు లైనేనంటారు.

మన దగ్గర స్తంభాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల గుణకాల్లో సాగుతుంది: 27, 31.5, 36, అలా 72 దాకా. జపాన్‌లో పుట్టిన బీవీఈ అనే మరో సిమ్యులేటర్లో దారిని 25 మీటర్ల ముక్కలుగా కట్టాలి, స్తంభాలూ ఆ 25 గుణకాల్లోనే పడతాయి. 25, 50, 75. మొదటిది, చివరిది మన కొలతల్లోకే రావు, నడిమిది 49.5కి అర మీటరు దూరంలో ఆగిపోతుంది. తర్వాత వచ్చిన ఓపెన్‌బీవీఈలో ఆ ముక్క పొడవును మార్చుకోవచ్చని అనుబంధంలో రాసింది. మంచిదే గానీ, అర మీటరు కోసం అంత గొడవ పడేవాళ్లు ఈ లోకంలో ఆమె, నేను, మరో నలుగురు ఉంటారు.

తీగ పట్టాల నడినెత్తిన తిన్నగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. తిన్నటి దారిలో ఒక మాస్టు దగ్గర ఎడమకు 20 సెంటీమీటర్లు, తర్వాతి మాస్టు దగ్గర కుడికి 20 సెంటీమీటర్లు జరిపి కడతాం. మలుపుల్లో 30 దాకా. అలా అటూ ఇటూ ఊగుతూ పోతేనే పాంటో మీద పట్టీ అంతటా సమానంగా అరుగుతుంది. ఒకేచోట రాసుకుంటే గాడి పడి, కొద్ది రోజులకే పట్టీ తెగుతుంది. సిమ్యులేటర్ గీసే తీగ ఈ ఊపు ఎరగదు, సరిగ్గా నడుమనే పోతుంది. మరి స్తంభాల చేతులు ఎలా ఉండాలి? మన మాస్టుల బ్రాకెట్లు రెండు రకాలు. ఒకటి తీగను తన వైపు లాగుతుంది, రెండోది అవతలికి నెడుతుంది. ఇవి ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వస్తాయి. అమ్మాయి ఆ మార్పును అలాగే ఉంచింది, తీగను ఆట ఇష్టానికి వదిలేసింది. ఇంజన్ గదిలో కూర్చున్నవాడికి ఆ 20 సెంటీమీటర్లు కనిపించవు, చేతులు మారుతున్న వరస మాత్రం కనిపిస్తుంది అని ఆమె వాదన. నేను ఒప్పుకున్నాను. నాకు తెలిసి లోకో పైలట్లు కూడా ముందుకు చూసేటప్పుడు తీగను చూడరు, స్తంభాల వరసనే చూస్తారు.

తీగకి బిగువు ఎక్కడి నుంచి వస్తుందన్నది నాలుగో అధ్యాయం. దండెం తీగలా మధ్యలో వేలాడితే పాంటో దాని వెంట లేస్తూ పడుతూ పోవాలి, వేగం పెరిగితే తగలడమే మానేస్తుంది. అందుకని పైన కేటనరీ తీగ, దాని నుంచి దిగే సన్నని డ్రాపర్లు, వాటి చివర దాదాపు సమతలంగా కాంటాక్ట్ తీగ. ఒక్కో తీగకి 1000 కిలోల చొప్పున లాగుడు ఉండాలి. ఎండకి రాగి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 750 మీటర్ల తీగ 30 డిగ్రీల వేడి తేడాకి సుమారు 38 సెంటీమీటర్లు సాగుతుందని లెక్క. ఆ సాగుడును మింగడానికి చివరి మాస్టు దగ్గర గిలకలు, వాటికి వేలాడే బరువులు ఉంటాయి. తీగ సాగితే బరువు దిగుతుంది, ముడుచుకుంటే లేస్తుంది, బిగువు మాత్రం మారదు. ఒక తీగ పొడవు 1500 మీటర్లకు మించకూడదు కనుక ప్రతి కిలోమీటరున్నరకి లోపే ఒక తీగ ముగిసి ఇంకోటి మొదలవుతుంది. అక్కడ రెండు తీగలూ కొంతదూరం పక్కపక్కన నడుస్తాయి, పాంటో ఒకదాని నుంచి రెండోదానికి మారేది ఆ కొద్ది దూరంలోనే. ఆట గీసే తీగకి మొదలూ లేదు, చివరా లేదు. కాబట్టి ఈ జోడు తీగలనూ, బరువులనూ విడి బొమ్మలుగా తయారుచేసి పెట్టుకోవాలి. ఆటలో ఋతువు మారినా బరువు కదలదు. అందుకని తన మార్గంలో ఎప్పుడూ ఏప్రిల్ మధ్యాహ్నమే అని నిర్ణయించుకుని, బరువులన్నీ కిందకి దించి కట్టింది. ఆ పేజీ చదివి నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. మా సూపర్‌వైజర్లలో కూడా ఆ బరువు ఎత్తు చూసి వేళ చెప్పగలిగినవాళ్లు కొద్దిమందే.

న్యూట్రల్ సెక్షన్ గురించి రాసింది తక్కువే గానీ సరిగ్గా రాసింది. రైల్వే సబ్‌స్టేషన్లు 40 నుంచి 60 కిలోమీటర్లకొకటి ఉంటాయి. మూడు ఫేజుల గ్రిడ్డు మీద భారం సమంగా పడాలని పక్కపక్క సబ్‌స్టేషన్లు వేరువేరు ఫేజుల నుంచి కరెంటు తీసుకుంటాయి. ఆ రెండూ తీగ మీద కలవకూడదు. కలిస్తే షార్టు. కనుక మధ్యలో కరెంటు లేని చిన్న ముక్క ఉంచుతాం. అది రాబోతోందని 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు. అక్కడికి చేరే లోగా లోకో పైలట్ డీజే, అంటే ఇంజన్ మెయిన్ బ్రేకరు, తెరుస్తాడు. ముక్క దాటాక మూస్తాడు. ఆ కాసేపూ బండి తన ఊపు మీదే నడవాలి. కాబట్టి ఎత్తు ఎక్కే చోట, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయే చోట దాన్ని పెట్టరు. సిమ్యులేటర్లో మార్గమంతటికీ ఒకే వోల్టేజి. బోర్డు నాటినంత మాత్రాన తీగలో కరెంటు పోదు. అయినా ఆమె బోర్డులన్నీ కొలిచి పెట్టి, ‘ఇక్కడ పవర్ తగ్గించడం ఆటాడేవారి మర్యాద’ అని రాసింది. ఆ మర్యాద పాటించే పిల్లవాడు రేపు లోకో పైలట్ పరీక్షకి కూర్చుంటే సగం పాఠం వచ్చినట్టే.

సొరంగాలది ఇంకో తిప్పలు. ముందు దారి, తర్వాత కరెంటు వచ్చిన లైను కాబట్టి సొరంగాల కప్పు ఎత్తు తీగను లెక్కలోకి తీసుకుని కట్టింది కాదు. అక్కడ తీగను దించాలి. దించడానికీ ఒక పద్ధతి ఉంది: మెయిన్ లైనులో మీటరుకి 3 మిల్లీమీటర్లకు మించి దించకూడదు. 30 సెంటీమీటర్లు దించాలంటే 100 మీటర్ల ముందు నుంచే మొదలుపెట్టాలి. ఆట మాత్రం మార్గమంతా ఒకే ఎత్తు అంటుంది, తీగ సొరంగం కప్పులోంచి దూసుకుపోతుంది. హైడ్‌వైర్ మళ్లీ ఇక్కడ అక్కరకొచ్చింది. సొరంగం లోపల, దానికి ముందూ వెనకా ఆట తీగను మాయం చేసి, తాను తయారుచేసిన వాలు తీగను అక్కడ పెట్టింది. ఒక్కో సొరంగానికి ఈ పని విడిగా చేయాలి. ఆమె దారి అరకు దాకానే గనుక సొరంగాలన్నీ రాలేదు, వచ్చినవే చాలినన్ని.

మధ్యలో ఇటలీ వైపు ఒక చిన్న షికారు ఉంది. మన దారితో సంబంధం లేకపోయినా నేను ఇష్టంగా చదివాను. 1902లో ఆల్ప్స్ అంచున వాల్తెల్లినా లైనులో హంగరీ ఇంజనీరు కాండో కాల్మాన్ మూడు ఫేజుల కరెంటుతో బండి నడిపాడు. రెండు ఫేజులకి పైన రెండు తీగలు, మూడోదానికి పట్టాలు. ఆ పద్ధతి ఇటలీలో 1976 దాకా బతికింది. ఓపెన్ రైల్స్ వాళ్లు ఆ జంట తీగల ఏర్పాటును కూడా తమ ప్రోగ్రాంలో పెట్టారు. మార్గం ఫైలులో ఒక మాట చేర్చి, తీగల మధ్య ఎడం ఎంతో రాస్తే రెండు తీగలు పక్కపక్కన వస్తాయి. ఎవరికో ఆ లైను మీద ప్రేమ ఉండబట్టి ఆ సదుపాయం పుట్టింది. మన 4.5 మీటర్ల గుణకాలూ, మన బ్రాకెట్లూ ఆ ప్రోగ్రాములోకి రావాలంటే వాటిని ప్రేమించేవాళ్లు మనలోంచే రావాలి.

ఇప్పుడు పేచీలు. పైన వచ్చిన కరెంటు తిరిగి ఎలా వెళ్తుందో పుస్తకంలో ఒక్క ముక్క లేదు. పట్టాల అతుకుల దగ్గర బాండ్లు, ప్రతి మాస్టునీ పట్టాకి కలిపే బాండు, ఇవి లేకుండా తీగ ఒక్కటే ఏం చేయగలదు? కంటికి కనిపించనివని వదిలేశానంది. మాస్టు మొదట్లో ఆ ఉక్కు పట్టీ కనిపిస్తుందమ్మా, స్టేషన్లో నిలబడి కిందకి చూడు. రెండో పేచీ, కరెంటు లేని దారిలో కూడా కరెంటు ఇంజన్ నడిచేలా ఓపెన్ రైల్స్‌లో ఉన్న ఒక ఆప్షన్ గురించి అనుబంధంలో రాయడం. అది ఎవరి సరదా కోసం పెట్టారో గానీ, ఇన్ని పేజీలు కష్టపడి స్తంభాలు నాటాక పాఠకుడికి ఆ దొడ్డిదారి చూపించడం నాకు నచ్చలేదు. తీసేయమన్నాను, తీయలేదు. ఆమె పుస్తకం, ఆమె ఇష్టం.

మాస్టుల మీద నంబర్ల విషయంలో మాత్రం ఆమెకి నూటికి నూరు వేస్తాను. ప్రతి మాస్టుకీ కిలోమీటరు అంకె, ఆ కిలోమీటర్లో దాని వరస అంకె ఉంటాయి. ఎక్కడైనా తేడా వస్తే లోకో పైలట్ చెప్పేది ఆ నంబరే. లైన్‌మన్ పరిగెత్తేదీ దాన్ని బట్టే. సిమ్యులేటర్లలో ఈ పలకలు సాధారణంగా ఖాళీగా ఉంటాయి, లేదా అన్నిటి మీదా ఒకే అంకె ఉంటుంది. ఆమె వరసగా వేసింది. అంత ఓపిక ఎందుకని ఎవరైనా అడగవచ్చు. తండ్రి ఫోన్లో రాత్రిళ్లు ఏ అంకెలు చెప్పేవాడో విన్న పిల్లకి ఖాళీ పలక చూస్తే ఊరుకోబుద్ధి కాదు.

చదివేవాళ్లకి ఒక మాట. ఈ పుస్తకం చదివాక మీకు స్టేషన్లలో తలెత్తి చూసే అలవాటు అవుతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. లైను దిగకండి, వ్యాగన్ ఎక్కకండి. 25 కిలోవోల్టుల తీగను తాకనక్కర్లేదు, దగ్గరికి వెళ్తేనే అది మనిషిని అందుకుంటుంది. రెండు మీటర్ల దూరం మా శాఖలో పాటించే నియమం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫైలు అధ్యాయంతో కాక మలుపుల అధ్యాయంతో మొదలుపెట్టండి. తీగ ఎలా వస్తుందో తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, అది ఒక నిమిషం పని. లోతు కావాలనుకునేవాళ్లకి రైల్వేవారి ఏసీ ట్రాక్షన్ మాన్యువల్ ఉండనే ఉంది. అది ఇంగ్లీషులో, కొంచెం కొరుకుడుపడని ఇంగ్లీషులో ఉంటుంది. అందులోని సంగతుల్ని లైన్‌మన్ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి తెచ్చినందుకు ఈ అమ్మాయికి నా నిండు ఆశీస్సులు.

కొత్తవలస యార్డును ఆమె ఈ పుస్తకంలో ముట్టుకోలేదు. అన్ని లూపు లైన్లు, అన్ని పాయింట్లు, తీగ మీద తీగ దాటే చోట్లు, మాస్టులకి బదులు అడ్డంగా నిలబడే పోర్టళ్లు. అది రెండో భాగంలో అంటోంది. రాయడానికి కూర్చునేటప్పుడు కబురు చేయమన్నాను. ఏ పోర్టల్ కింద ఎన్ని దారులు పడతాయో, ఏ దారికి విడిగా స్విచ్ ఉండాలో ముందు కాగితం మీద గీయాలి. ఆ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు.